చక్రాన్ని అంటిపెట్టుకున్న చిన్న ముక్క

ప్రభుత్వ మోటారు గ్యారేజీలో 1966లో హెల్పరుగా చేరి, 2002లో ఫోర్‌మన్‌గా పదవీ విరమణ చేసినవాణ్ణి. మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాయమని కార్యదర్శిగారు అడిగారు. వేతన సవరణల చరిత్ర, పెన్షన్ ఉద్యమాల చరిత్ర రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు కనుక వాటి జోలికి పోకుండా, నాకు బాగా తెలిసిన ఒక వస్తువు చరిత్ర రాద్దామనుకున్నాను. ఆ వస్తువు తూకం అయిదు గ్రాములు. ఇప్పటి కార్ల చక్రం లోపలి వైపు టార్చిలైటు వేసి చూస్తే, రిమ్ముకు వరుసగా అంటించిన చిన్న చిన్న బిళ్ళలు కనిపిస్తాయి. వాటినే బాలెన్సింగ్ వెయిట్లు అంటారు. ఇంత ముక్కకు చరిత్రేమిటండీ అని మా ఇంటావిడ నవ్వింది. ఉంది. అందులో పసిపిల్లల ఆరోగ్యానికి సంబంధించిన సంగతి కూడా ఒకటుంది. అది తరువాత మనవి చేస్తాను.

మోటారు పని తెలియని కుటుంబ సభ్యులు కూడా ఈ సంచిక చదువుతారు కాబట్టి, ముందుగా ఆ ముక్క ఎందుకో చెప్పాలి. సీలింగు ఫ్యాను ఊగుతుంటే ఎలక్ట్రీషియన్ వచ్చి ఒక రెక్క మీద వాషరో, చిన్న బిళ్ళో పెట్టి సరిచేయడం మీరు చూసే ఉంటారు. కారు చక్రం సంగతీ అంతే. టైరును ఎంత శ్రద్ధగా చేసినా ఒకచోట రబ్బరు కాస్త మందంగా ఉంటుంది. రిమ్ములో గాలి పెట్టే వాల్వు దగ్గర కాస్త బరువు ఎక్కువ. ఆ తేడా ముప్పయ్యో నలభయ్యో గ్రాములే. బండి నిలబడి ఉన్నప్పుడు దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు. కానీ గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే మామూలు కారు చక్రం సెకనుకు పద్నాలుగు పదిహేనుసార్లు తిరుగుతుంది. ఆ వేగంలో రిమ్ము దగ్గర ఉన్న పది గ్రాముల తేడా ఒకటిన్నర కిలోల బలంతో బయటికి గుంజుతుంది. నలభై గ్రాములైతే ఆరు కిలోలు. అంటే సెకనుకు పద్నాలుగు సార్లు ఆరు కిలోల సుత్తితో చక్రాన్ని ఒకసారి పైకి, ఒకసారి కిందికి కొడుతున్నట్టే లెక్క. స్టీరింగ్ వణుకుతుంది, బేరింగులు అరుగుతాయి, టైరు ఎగుడుదిగుడుగా తినేస్తుంది. వేగం సగమైతే ఈ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. ఊళ్ళో తిరిగేటప్పుడు తెలియని వణుకు హైవే ఎక్కగానే బయటపడడానికి కారణం ఇదే.

తిరిగే వస్తువును సరితూకం చేయడమన్న విద్య మోటారు కారు కంటే పాతది. 1870లోనే కెనడాలో హెన్రీ మార్టిన్సన్ అనే ఆయన సరితూకం చేసే పద్ధతికి పేటెంటు కోరాడు. ఆ తరువాత 1907-08 ప్రాంతంలో జర్మనీలో ఫ్రాంజ్ లావాచెక్ మెరుగైన పద్ధతి ఒకటి కనిపెట్టగా, డార్మ్‌స్టాట్ నగరంలోని కార్ల్ షెంక్ సంస్థ దానితో యంత్రాలు తయారు చేసింది. ఇవన్నీ టర్బైన్ల కోసం, డైనమోల కోసం. డన్‌లప్ గారు 1888లో బెల్‌ఫాస్ట్‌లో గాలి టైరుకు పేటెంటు తీసుకున్నప్పటికీ, అప్పటి వాహనాల వేగానికి సరితూకం అవసరమే కలగలేదు. వేగం పెరిగాకే ఆ విద్య చక్రం దాకా దిగివచ్చింది.

మన దగ్గరా అంతే. నేను సర్వీసులో చేరేనాటికి మా గ్యారేజీలో ఉన్నవి జీపులు, అంబాసిడర్లు. అంబాసిడరు 1957లో మొదలై 2014 దాకా తయారైంది. 5.90-15 సైజు టైరు, ఇనుప రిమ్ము. బండి గంటకు అరవై దాటితే ఆఫీసరుగారు వెనక సీటులోంచి దగ్గేవారు. మా మొదటి ఫోర్‌మన్‌గారి పద్ధతి చాలా సులువు. ముందు చక్రాన్ని జాకీతో లేపి, బ్రేకు వదులు చేసి, చేత్తో నెమ్మదిగా తిప్పి వదిలేసేవారు. బరువైన చోటు దానంతట అదే కిందికి వచ్చి నిలబడేది. దానికి సరిగ్గా ఎదురుగా, పైన, సుద్దముక్కతో గీత గీసేవారు. ఆ గీత దగ్గర సీసపు ముక్క. ముక్కకు ఒక ఇనుప క్లిప్పు ఉండేది, దాన్ని రిమ్ము అంచుకు పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేస్తే పని పూర్తి. రీబటన్ చేసిన టైరు వచ్చిందంటే మాత్రం తలనొప్పే. ఒక్కోదానికి నూట యాభై గ్రాముల సీసం తగిలించినా కుదిరేది కాదు.

తరువాత బుడగ బాలెన్సరు వచ్చింది. చక్రాన్ని పడుకోబెడితే మధ్యలో ఉన్న నీటిబుడగ బరువు ఎటో చూపేది, తాపీమేస్త్రీ రసమట్టంలాగా. అది ఒక దోషాన్నే పట్టేది. చక్రం కుడి అంచున ఒక మూల, ఎడమ అంచున దానికి ఎదురు మూల బరువుంటే బుడగ మధ్యలోనే నిలబడేది గాని, రోడ్డెక్కాక చక్రం అటూ ఇటూ తల ఊపేది. అది పట్టాలంటే చక్రాన్ని తిప్పే యంత్రం కావాలి. మా గ్యారేజీకి అది నా సర్వీసు చివరి సంవత్సరాల్లో గాని రాలేదు.

ఈ సీసపు ముక్కలు ఊడిపోయేవి. గోతిలో పడి రిమ్ము అంచు వంగినా, ఒకసారి వాడి సాగిపోయిన క్లిప్పునే మళ్ళీ కొట్టినా ఊడేవి. గ్యారేజీ ఆవరణలో ఏరినవీ, చక్రాల నుంచి తీసినవీ ఒక డాల్డా డబ్బాలో వేసేవాళ్ళం. డబ్బా నిండితే మా హెల్పరు ఒకతను అడిగి తీసుకుపోయేవాడు. అతనిది బందరు దగ్గర సముద్రపు ఒడ్డున ఒక పల్లె. సీసం కరిగించి వలలకు గుండ్లు పోసుకునేవారట. పొయ్యి మీద మూకుడు పెడితే చాలు, 327 డిగ్రీలకే సీసం కరిగిపోతుంది. వంటింటి పొయ్యికి అది పెద్ద వేడి కాదు. ఆ మూకుడు చుట్టూ పిల్లలు కూర్చుని చూసేవారని అతనే సంబరంగా చెప్పేవాడు. సీసం గురించిన హెచ్చరిక ఏదీ ఆ రోజుల్లో ఏ గ్యారేజీ గోడ మీదా నేను చూడలేదు. ఆయిలు చేతులు కడుక్కోమనేవారు గాని, సీసం చేతులు కడుక్కోమన్నవారు లేరు.

రోడ్డు మీద ఊడిన ముక్కల సంగతి అప్పుడెవరమూ ఆలోచించలేదు. ఎక్కడో పడిపోయింది, ఇంకొకటి కొట్టు, అంతే.

క్లిప్పు కాలం పోయి జిగురు కాలం రావడానికి కారణం అల్యూమినియం రిమ్ము. పందెపు కార్లలో అది పాత సంగతే. ఫ్రాన్సులో 1924లో వచ్చిన బుగాటీ టైప్ 35కు పోత పోసిన అల్యూమినియం చక్రాలు ఉండేవి. సామాన్యుల కార్లకు అల్లాయ్ వీల్సుగా రావడానికి చాలా దశాబ్దాలు పట్టింది. మన దేశంలో 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800కూ ఇనుప రిమ్ములే. అల్లాయ్ రిమ్ము అంచు మందంగా ఉంటుంది, పాత క్లిప్పు దానికి ఎక్కదు. ఎక్కే క్లిప్పు చేసినా, ఇనుము అల్యూమినియాన్ని ఒరుసుకున్నచోట పైపూత లేచిపోతుంది, తడి తగిలితే అక్కడినుంచి తెల్లగా పొడి రాలుతూ రిమ్ము తినేస్తుంది. పైగా వేలు పోసి కొన్న మెరిసే చక్రం మీద బయటికి కనిపించే సీసపు ముక్కను ఏ యజమానీ ఒప్పుకోడు. అందుచేత ముక్కను చక్రం లోపలి గోడకు, కమ్మీల వెనకాల, ఎవరికీ కనపడనిచోట జిగురుతో అంటించే పద్ధతి వచ్చింది. అయిదు గ్రాములవి నాలుగు, పది గ్రాములవి నాలుగు కలిపి అరవై గ్రాముల పట్టీగా వస్తాయి. కావలసినంత విరుచుకుని, వెనక కాగితం ఊడదీసి అంటించడమే.

సుత్తితో కొట్టిన క్లిప్పును నమ్మినట్టు జిగురును నమ్మడం మావంటి పాతవాళ్ళకు కష్టమైంది. అయితే ఈ జిగురు చరిత్రా మోటారు షెడ్డులోనే మొదలైందని తరువాత చదివి ఆశ్చర్యపోయాను. అమెరికాలో 1920లలో రెండు రంగుల కార్లు మోజుగా ఉండేవి. ఒక రంగు వేసి, దాని మీద కాగితం అంటించి, రెండో రంగు వేసేవారు. కాగితం పీకితే దానితో రంగు కూడా ఊడి వచ్చేది. పెయింటర్లు తిట్టుకునేవారు. త్రీఎం సంస్థ తరఫున ఉప్పు కాగితాలు పరీక్షించడానికి ఆ షెడ్లకు వెళ్ళే రిచర్డ్ డ్రూ అనే యువకుడు ఆ తిట్లు విని, పట్టి ఉంచేదీ, పీకితే శుభ్రంగా వచ్చేదీ అయిన మాస్కింగ్ టేపును 1925లో తయారు చేశాడు. 1930లో మనందరికీ తెలిసిన పారదర్శకమైన టేపు కూడా ఆయనదే. అదే సంస్థ 1980లో వీహెచ్‌బీ అనే పేరుతో అక్రిలిక్ నురుగు టేపును తెచ్చింది. లోహాన్ని లోహానికి మేకులు లేకుండా పట్టి ఉంచగల టేపు అది. చక్రాల బరువుల వెనక ఉండే జిగురు టేపులు ఈ కుటుంబానికి చెందినవే, మంచివీ ఉన్నాయి, నాసివీ ఉన్నాయి. రబ్బరు జిగురుది వేడికి త్వరగా మెత్తబడే స్వభావం, అక్రిలిక్‌ది ఎక్కువ తట్టుకునే స్వభావం. తిరుమల ఘాటు దిగివచ్చాక బ్రేకు డిస్కు ఎంత కాలుతుందో తెలిసినవారికి ఆ తేడా విలువ తెలుస్తుంది.

ఇక్కడ చాలామంది పొరపడే ఒక విషయం ఉంది. చక్రం వేగంగా తిరుగుతుంది కాబట్టి ఆ విసురుకే ముక్క ఊడిపోతుందని అనుకుంటారు. లెక్క చూస్తే విషయం తలకిందులు. ముక్కను అంటించేది రిమ్ము లోపలి గోడకు, అంటే ఇరుసు వైపు చూసే గోడకు. తిరిగేటప్పుడు ముక్క బయటికి పోవాలని చూస్తుంది. బయట ఉన్నది రిమ్మే. కాబట్టి వేగం పెరిగేకొద్దీ ముక్క రిమ్ముకు మరింత గట్టిగా అదుముకుంటుంది. వేగం దానికి శత్రువు కాదు, చుట్టం. అసలు శత్రువులు వేరే. అంటించేనాటికే రిమ్ము మీద ఉన్న మురికి, బ్రేకు ప్యాడ్ల నుంచి రాలే నల్లటి ఇనుప పొడి, టైరు ఎక్కించడానికి రాసిన సబ్బునీరు, టైర్ల షోకు కోసం పూసే సిలికాన్ పాలిషు, వాటర్ సర్వీసింగులో దగ్గరగా పెట్టి కొట్టే నీటిధార. జిగురు పట్టేది తనకు తగిలినదాన్ని. దానికి దుమ్ము తగిలితే దుమ్మునే పట్టుకుంటుంది, ఆ దుమ్ము రిమ్మును వదిలేస్తే జిగురు తప్పేముంది? ఊడిపడిన ముక్కను తిప్పి చూడండి. జిగురు మీద నల్లటి పొడి సమంగా అంటి ఉంటే, ముక్క అసలు రిమ్మును తాకనే లేదని అర్థం.

కనుక పని అంతా అంటించక ముందే ఉంది. పాత ముక్కనూ దాని నురుగునూ ప్లాస్టిక్ గరిటెలాంటి దానితో పూర్తిగా గీకేయాలి, ఇనుప గరిటె అయితే రిమ్ము పూత చెడుతుంది. మట్టిని నీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాలు అనే స్పిరిట్‌తో శుభ్రమైన గుడ్డ తడిపి, గుడ్డకు నలుపు అంటనంతవరకు తుడవాలి. మన గ్యారేజీల్లో అలవాటుగా డీజిల్‌లో ముంచిన బనియన్ వేస్టు తీస్తారు. డీజిల్ మురికిని తీస్తుంది గాని తన జిడ్డును అక్కడే వదిలిపోతుంది. స్పిరిట్ ఆరిపోతే ఏమీ మిగలదు. పట్టీని రిమ్ము వంపుకు తగ్గట్టు ముందే కాస్త వంచి, జిగురును వేలితో ముట్టుకోకుండా అంటించి, బొటనవేలితో ప్రతి బిళ్ళనూ గట్టిగా నొక్కాలి. చదరపు సెంటీమీటరుకు కిలో బరువు పడేటంత నొక్కుడు కావాలి. ఈ జిగురు గోడకు గంజి పట్టినట్టు ఆరి పట్టేది కాదు, నొక్కుడుకు మెల్లగా పారి లోహపు సన్నని గుంటల్లోకి దిగి పట్టేది. అక్రిలిక్ నురుగు టేపు మామూలు గది వేడిలో ఇరవై నిమిషాలకు సగం పట్టు, ఒక రోజుకు తొంభై శాతం, మూడు రోజులకు పూర్తి పట్టు సాధిస్తుంది. బాలెన్సింగ్ చేయించిన సాయంత్రమే బండిని వాటర్ సర్వీసింగుకు పంపితే ఏమవుతుందో మీరే ఊహించుకోవచ్చు.

ఇవన్నీ జరుగుతున్నాయా అంటే, చూసింది చెబుతాను. కొన్నేళ్ళ క్రితం మా అల్లుడి కారులో హైదరాబాదు వెళ్తూ ఉంటే తొంభై దగ్గర స్టీరింగ్ వణకడం మొదలైంది. సూర్యాపేట దాటాక రోడ్డు పక్క ఒక షాపులో ఆగాం. యంత్రం కొత్తది, కంప్యూటరు తెర, అంకెలు, అన్నీ ఉన్నాయి. పనిచేసే కుర్రాడికి ఇరవై ఏళ్ళుంటాయి. పాత ముక్కలు ఊడినచోట నల్లటి నురుగు అలాగే ఉంది, దాని మీదే కొత్తవి పెట్టబోయాడు.

“బాబూ, ఆ పాత జిగురు గీకి పెట్టు నాయనా” అన్నాను.

“ఏం గాదు తాతా, గమ్ము మీద గమ్ము వడితే ఇంక మస్తు పట్టుకుంటది” అన్నాడు నవ్వుతూ.

“నురుగు మీద పట్టుకుంటుంది, రిమ్ము మీద కాదు గదా. గుడ్డ ఇటివ్వు, నేను తుడుస్తాను.”

వాడికి నొచ్చుకుందేమో, తానే గీకాడు. గీకుతూ అన్నమాట మాత్రం నాకు గుర్తుండిపోయింది. “పొద్దుగాల నుంచి ముప్పై బండ్లు అయినయి తాతా. ఒక్కో బండికి గిట్ల తుడుసుకుంట కూసుంటే సేటు ఊకుంటడా?” వాడు చెప్పింది నిజమే. యంత్రం గ్రాము తేడా పట్టేదాకా ఎదిగింది. గుడ్డతో తుడిచే అయిదు నిమిషాలకు మాత్రం ఎవరూ కూలి కట్టలేదు. బిల్లులో బాలెన్సింగ్‌కు ఇంత, వెయిట్లకు గ్రాముకు ఇంత అని ఉంటుంది గాని, శుభ్రం చేసినందుకు అని ఒక్క పైసా ఉండదు. నా ఉద్దేశంలో ముక్కలు ఊడడానికి జిగురు కంటే ఇదే పెద్ద కారణం. మేం సర్వీసులో ఉండగా తొందర లేదు, యంత్రం లేదు. ఇప్పుడు రెండోది ఉంది, మొదటిది కూడా ఉంది.

ఇక పిల్లల సంగతి. ఊడిన ముక్క ఎక్కడికి పోయింది అని అడిగినవాడు అమెరికాలో రాబర్ట్ రూట్ అనే ఆయన. న్యూమెక్సికో రాష్ట్రంలోని ఆల్బుకర్కీ నగరంలో రోడ్ల అంచున నడిచి, పడి ఉన్న సీసపు ముక్కలను ఏరి తూచి, 2000 సంవత్సరంలో ఒక ఆరోగ్య పరిశోధన పత్రికలో ఫలితాలు ప్రకటించాడు. ఒక కూడలి దగ్గర లెక్క కట్టగా ఏడాదికి కిలోమీటరుకు 50 నుంచి 70 కిలోల సీసం. నగరంలోని ముఖ్యమైన రోడ్లన్నిటి మీద కలిపి ఏడాదికి 3,730 కిలోలని ఆయన అంచనా. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. ముక్కలు రోడ్డు అంచుకు చేరతాయి, సీసం మెత్తన కాబట్టి చక్రాల కింద నలిగి, వారం రోజులు దాటేసరికి సగం కంటికి కనపడకుండా పోతుంది. పోవడమంటే మాయమవడం కాదు, ధూళిగా మారడం. ఆ ధూళి ఉండేది మనుషులు నడిచే అంచునే. మనలో ఎందరో అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు మనుమలను బండిలో కూర్చోబెట్టి తిప్పేది అలాంటి అంచుల మీదే గదా. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఇంతవరకు ఫరవాలేదు అని చెప్పగల హద్దు ఏదీ వైద్యులకు దొరకలేదు.

యూరప్ దేశాలు 2000లో చేసిన నిబంధన ప్రకారం 2005 జులై 1 నుంచి కార్లకు సీసపు బరువులు వాడడం అక్కడ ఆగిపోయింది. కాలిఫోర్నియాలో 2010 జనవరి 1 నుంచి, వాషింగ్టన్ రాష్ట్రంలో 2011 జనవరి 1 నుంచి నిషేధం వచ్చింది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరి 1 నుంచి అంతటా ఆగిపోయిన సంగతి మీకు గుర్తుండవచ్చు. అప్పుడు పత్రికలన్నీ రాశాయి. చక్రం మీది సీసం గురించి రాసింది నేను చూడలేదు.

సీసం పోయి దాని స్థానంలో ఇనుము, జింకు వచ్చాయి. దాంతో జిగురుకు పని పెరిగింది. ఘన సెంటీమీటరు సీసం 11.3 గ్రాములు, ఇనుము 7.9 గ్రాములు. అంటే అదే బరువుకు ఇనుప ముక్క దాదాపు ఒకటిన్నర రెట్లు పెద్దది కావాలి. మందం పెరిగితే కొన్ని కార్లలో లోపల తిరగని బ్రేకు కాలిపర్‌కు తగిలి చెక్కుకుపోతుంది. పైగా సీసాన్ని ఎలా వంచితే అలా పడి ఉంటుంది. ఇనుప పట్టీకి స్ప్రింగు గుణం ఉంది, వంపులో అంటిస్తే కొసలు లేవాలని చూస్తుంటాయి. పైపూత సరిగా లేకపోతే తుప్పు పట్టి ఆ తుప్పే జిగురును రిమ్ము నుంచి లేపుతుంది. ముందే వంచమనీ, కొసలను గట్టిగా నొక్కమనీ పైన రాసింది అందుకే.

మీ కారుకు ఉన్నవి ఇనుపవో కావో తెలుసుకోవాలంటే ఫ్రిజ్జు తలుపు మీది అయస్కాంతం చాలు. అతుక్కుంటే ఇనుము. అతుక్కోకపోతే సీసమో జింకో. ఈసారి సర్వీసింగుకు ఇచ్చేటప్పుడు ఇనుపవే వేయమని అడగండి, తుడవడానికి అయిదు నిమిషాలు ఎక్కువ తీసుకోమనండి, ఆ కుర్రాడి చేతిలో ఇరవై రూపాయలు పెట్టండి. హైవేలో ఉన్నట్టుండి కొత్తగా వణుకు మొదలైతే వేగం తగ్గించి, బండి ఆపి, ముందుగా చక్రాల బోల్టులు, టైర్ల ఉబ్బులు చూడండి. ఆ తరువాత లోపల టార్చి వేయండి, ముక్క ఊడినచోట నలుచదరంగా మచ్చ కనిపిస్తుంది. ఊడిన ముక్క దొరికినా దాన్ని మళ్ళీ అంటించవద్దు, ఆ జిగురు ఒక్కసారికే. కాగితంలో చుట్టి బాలెన్సింగ్ షాపు వాళ్ళ పాత ముక్కల డబ్బాలో వేయించండి, తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి. మనుమలకు ఆడుకోవడానికి మాత్రం ఇవ్వకండి.